టీ కొట్టులో దొరికే మాత్రలు

“ఈయేల ఒళ్లు తేలిగ్గా ఉన్నాదే,” అన్నాడు ఆయన, చొక్కా తొడుక్కుంటూ.

“ఉంటే మంచిదే కదా మావా. బేగొచ్చీ. అంబలి మూతెట్టి ఉంచుతాను,” అన్నాను నేను.

మేమిద్దరం ఆఖరుగా మాట్లాడుకున్న మాటలు ఇవే. ఇంతకన్నా పెద్ద మాటలు ఏవీ లేవు. ఆయన సముద్రపొడ్డుకి వెళ్లాడు, నేను పొయ్యి దగ్గరికి వెళ్లాను. ఆ తేలిక ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు నాకు తెలియదు. తెలిసిన తరువాత ఊరుకోలేదు. ఆ ఊరుకోకపోవడం గురించే చెబుతాను.

ఇది రాస్తున్నది నా తమ్ముడి కూతురు. ఎచ్చెర్లలో చదువుకుంటోంది. మొదట్లోనే చెప్పేసింది, “అత్తా, నువ్వు మాటాడినట్టే రాసీసినాననుకో, సదివీవోలు సగంలో ఒగ్గేస్తారు. పుస్తకంలో ఉన్నట్టు రాస్తాను” అని. సరే రాయమన్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం మార్చొద్దన్నాను. నాకు నా పేరు రాయడం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి అక్షరంతో నాకు పని పడలేదు. తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలో అని అరిచి బతికాను. గొంతు ఇలా బొంగురుపోయింది అందుకే.

ఆయన తెప్ప మీద వేటకి వెళ్లే మనిషి. ఒకనాడు తెప్పని ఇసకలోకి లాగుతూ కూలబడిపోయాడు. శ్రీకాకుళంలో చూపించాం. గుండె ఆగిపోలేదు గానీ రక్తాన్ని తోసే బలం దానికి తగ్గిపోయింది, ఆయాసం అందుకే, కాళ్లలో నీరు దిగడం అందుకే అన్నారు. పొద్దున్నే ఒక మాత్ర ఇచ్చారు, ఒంట్లో చేరిన నీరంతా ఒంటేలుగా పోవడానికి. ఇంకొకటి గుండెకి. ఉప్పు తగ్గించమన్నారు. ఎండుచేప ముట్టొద్దన్నారు. చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఇంట్లో ఎండుచేప ముట్టొద్దంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇల్లంతా ఆ వాసనే, కంచంలో మాత్రం చప్పిడి పప్పు.

“ఉప్పు నేని కూరెట్టి సంపేస్తన్నావే,” అనేవాడు.

“సచ్చీవోడికి ఇంత నోరెక్కడిది? తిను,” అనేదాన్ని.

తినేవాడు. మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు. అది చెప్పాలి, ఎందుకంటే ఆయన పోయాక ఊళ్లో కొందరు మందులు సరిగా వేసుకోలేదేమో అన్నారు. వేసుకున్నాడు. అన్నీ వేసుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కు.

వేట మానేశాక ఒడ్డున కూర్చుని పక్కవాళ్ల వలలు బాగుచేసేవాడు. పొద్దంతా వంగి ముడులు వేస్తే నడుము, మెడ, మణికట్లు పీకేస్తాయి. మా ఒడ్డున అందరికీ ఒళ్లునొప్పులే, అందరికీ ఒకటే విరుగుడు. టీ కొట్టులో షాంపూ పొట్లాల పక్కన చిన్న చిన్న కవర్లు వేలాడుతుంటాయి. ఒక్కో దాంట్లో ఒక ఎర్ర మాత్ర, ఒక పసుపు మాత్ర, ఒక చిన్న తెల్ల మాత్ర. సెట్టు అంటారు దాన్ని. ఒక టీ, ఒక బన్ను అని అడిగినట్టే ఒక టీ, ఒక సెట్టు అని అడుగుతారు. టీతో మింగితే నొప్పులు ఎటో పోతాయి, ఒళ్లు తేలికైపోతుంది, మళ్లీ తాడు పట్టుకోవచ్చు.

దాన్ని మందని మేమెవరం అనుకోలేదు. మందంటే ఆసుపత్రిలో చూసి, రాసి ఇచ్చేది. దాన్ని రేకు డబ్బాలో పెట్టి, పిల్లలకి అందకుండా అటక మీద దాచుకుంటాం. టీ కొట్టులో దొరికేది టీ లాంటిదే. ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా, ఇంకేమైనా మందులు వాడుతున్నావా అని ఆయన్ని అడిగేవారు. లేదు బాబూ అనేవాడు. అబద్ధం ఆడాడనుకోకండి. నన్నడిగినా లేదనే చెప్పేదాన్ని.

కొన్నాళ్లకి ఆయన మొహం నిండుగా తయారైంది. బుగ్గలు వచ్చాయి. “ఏటే వదినా, అన్న పెళ్లికొడుకునాగ నిగనిగలాడతన్నాడు, ఏటెడతన్నావేటి?” అని మా ఆడపడుచు వేళాకోళం ఆడింది. నేను మురిసిపోయాను. అదే సమయంలో పాదాలు మళ్లీ పొంగాయి, చెప్పులు పట్టడం మానేశాయి. మొహం నిండితే ఒళ్లు చేశాడనుకున్నాం, పాదాలు పొంగితే ఎక్కువసేపు కూర్చున్నాడనుకున్నాం.

ఆ రోజు ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు. ఒకవైపు తాడుకి ఒక మనిషి తక్కువయ్యాడట. ఒళ్లు తేలిగ్గా ఉన్నవాడు చూస్తూ కూర్చుంటాడా? తాడు పట్టుకున్నాడు. వల ఒడ్డుకి చేరకముందే ఆయాసం ముంచుకొచ్చింది. నులకమంచం మీద తెచ్చారు, ఆటోలో తీసుకెళ్లాం. ఆసుపత్రి వాళ్లు చేయాల్సింది చేశారు. దక్కలేదు.

అక్కడ ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు. ఆయన వాడిన మందులన్నీ చూపించమన్నాడు. రేకు డబ్బా ఇచ్చాను. ఆయన ఒంటి మీది చొక్కా నర్సు విప్పి నా చేతికిచ్చినప్పుడు జేబులోంచి ఒక కవరు పడింది.

“ఇదేమిటమ్మా?” అన్నాడు డాక్టరు.

“అది మందు కాదు బాబూ. ఒళ్లునొప్పుల సెట్టు.”

అతను ఆ కవరు తీసుకుని లోపలి మాత్రలు చూశాడు. తరువాత కుర్చీ నా వైపు జరుపుకుని కూర్చున్నాడు. “మేమిచ్చిన మాత్ర నీటిని బయటికి తోడుతుందమ్మా. ఇందులో ఉన్న మాత్రలు ఆ నీటిని లోపలే పట్టి ఉంచుతాయి. ఒకటి తోడుతుంటే ఇంకొకటి పోస్తోంది. గుండె బాగున్నవాడికి అంతగా తెలియదు. బలం లేని గుండెకి అది మోయలేని బరువు. దీనివల్లే పోయాడని నేను తేల్చి చెప్పలేను. మంచి మాత్రం చేసి ఉండదు.”

“రెండూ ఒక ఒంట్లో పడితే ఇలగవుతాదని ఎవులు సూసినారు బాబూ?”

“కొన్ని మందులకి చూశారు. ఇంకా చూడాల్సినవి చాలా ఉన్నాయి.”

నాకు ఆ మాట ఒక్కటే మిగిలింది. మిగతా రోజంతా ఎవరెవరు వచ్చారో, ఎవరు ఏడ్చారో గుర్తులేదు. చూడాల్సినవి చాలా ఉన్నాయి అన్న మాట గుర్తుంది.

కొన్నేళ్లకి నా వంతు వచ్చింది. తట్ట దించితే గానీ ఊపిరి అందేది కాదు. వెల్లకిలా పడుకోలేకపోయాను. తమ్ముడు విజయనగరంలో తన ఇంటికి దగ్గరగా ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాడు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం గుండెని పాడుచేసి పోయిందట. ఆయనకి చెప్పిన మాటే నాకూ చెప్పారు, గుండెకి తోసే బలం తగ్గిందని. అవే రకం మాత్రలు ఇచ్చారు. ఆయన డబ్బానే తోమి ఎండబెట్టి అందులో వేసుకున్నాను.

ఆ ఆసుపత్రిలో డాక్టరమ్మ పార్వతీపురం వైపు మనిషి. ఒకసారి నన్ను కూర్చోబెట్టి చెప్పింది. గుండె బలం తగ్గినవాళ్లకి ఒక్క జబ్బే ఉండదు, ఇంకో జబ్బుకి ఇంకో మాత్ర ఇవ్వాల్సి వస్తుంది. ఈ మాత్ర సంగతి తెలుసు, ఆ మాత్ర సంగతి తెలుసు. రెండూ కలిసి ఇలాంటి ఒంట్లో పడితే ఒకదాన్ని ఇంకొకటి పెంచుతుందా, తగ్గిస్తుందా, అది చూస్తున్నారు. ముందు ఒక మాత్ర ఇచ్చి గంటగంటకీ కాస్త రక్తం తీస్తారు. కొన్నాళ్లు ఆగి రెండూ కలిపి ఇచ్చి మళ్లీ తీస్తారు. “దీనివల్ల మీకు లాభం ఉంటుందని చెప్పను. ఇబ్బంది ఏమైనా వస్తే చూసుకోవడానికి మేముంటాం. ఇష్టం లేకపోతే మానేయొచ్చు, మీ వైద్యం ఆగదు,” అంది.

“సెయ్యండి,” అన్నాను.

“ఇంటికి వెళ్లి ఆలోచించుకుని చెప్పండి.”

“ఆలోసించీసే వొచ్చినానమ్మా, ఎప్పుడో.”

ఇంట్లో తమ్ముడు ఎగిరాడు. “ఏటప్పా ఇది? ఎలకల మీద సేసినట్టు నీ మీద సేస్తారు.”

“ఎలకకి నోరు నేదురా. నాకున్నాది. ఏటవుతన్నాదో సెప్తాను.”

“నీకేటొస్తాది దానివల్ల?”

“మీ బావ ఒంట్లో ఏటి జరిగిందో ఎవులూ సూళ్లేదు. నా ఒంట్లో సూస్తామంటన్నారు. సూడనీ.”

మర్నాడు వాడే బండి మీద తీసుకెళ్లాడు. చదువు రానివాళ్లకి అర్థమైందో లేదో తెలియాలని కెమెరా ముందు కూర్చోబెట్టి చెప్పిస్తారు. నాకు అర్థమైనది నా మాటల్లో చెప్పమన్నారు. “రెండు మందులు ఒకే కొంపలో తోడికోడళ్లనాగ సర్దుకుంటాయా, జుట్లట్టుకుంటాయా అని సూస్తారు,” అన్నాను. కెమెరా పట్టుకున్న అబ్బాయి భుజాలు అదిరాయి. డాక్టరమ్మ నవ్వు ఆపుకుని, సరిగ్గానే చెప్పారు అంది. వేలిముద్ర అక్కర్లేదని నా పేరు నేనే రాశాను.

పరీక్షకి ముందురోజు మధ్యాహ్నమే వార్డులో చేరాలి. నా పక్క మంచం ఆమె శృంగవరపుకోట వైపు నుంచి వచ్చింది. వరి, చోళ్లు పండించుకునే ఇల్లు. నాకన్నా పెద్దది, అప్పా అని పిలిచాను. ఆమె నన్ను సెల్లీ అంది. వచ్చిన గడియ నుంచీ నోరు మూయలేదు. నేను చేపల దాన్నని తెలియగానే ముక్కు ఎగబీల్చి, “అదీ సంగతి, నానింకా ఎలక సచ్చి పడ్డాదేటి అనుకుంతన్నాను,” అంది. “మీ పేడ వాసనకి మా సేపల వాసనే మందు,” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. బాగా కలిసిపోయాం.

సాయంత్రం డాక్టరమ్మ మంచం మంచం దగ్గరికీ వచ్చి అడిగింది, బయట కొన్న మాత్రలు గానీ, నాటుమందులు గానీ ఏమైనా వాడుతున్నారా అని. నేదమ్మా అంది అప్ప. నేదమ్మా అన్నాను నేను. డాక్టరమ్మ అలా వెళ్లిందో లేదో, అప్ప రొంటిన దోపుకున్న గుడ్డసంచి తీసి, అందులోంచి ఒక కవరు తీసింది.

“అదేటప్పా?”

“ఏటీ కాదు. మోకాళ్లకి. సంతలో కొనుక్కుంతాను.”

“ఏదీ, సూపించు.”

ఎర్రది, పసుపుది, చిన్న తెల్లది. కవరు రంగు వేరు, అంతే. ఆమె పాదాల వైపు చూశాను. వేలు పెట్టి నొక్కాను. గుంట పడింది, అలాగే ఉండిపోయింది.

“ఇది మింగకు,” అన్నాను.

“నువ్వెవులివి సెప్పడానికి? డాక్టరువా?”

“కాదు. ఇదే పొట్లం జేబులో ఎట్టుకుని పోనోడి పెళ్లాన్ని.”

ఆమె కవరు దించింది. జరిగిందంతా చెప్పాను. తోడడం, పోయడం సంగతి చెప్పాను. తలవంచుకుని వింది. విని, గొంతు తగ్గించి అంది, “ఇది నేకపోతే నాను దొడ్డికి కూడా లెగలేను సెల్లీ. సెప్పినానంటే ఇంటికి పంపీస్తారు. ఇక్కడ పూటపూటకీ సెయ్యట్టుకుని సూస్తన్నారు. ఇంటికాడ కోతలు. నన్నెవులు సూస్తారు?”

“పొద్దున్న ఆ మాత్ర ఇస్తారు. ఇది కడుపులో ఉండగా అది పడితే ఏటవుతాదో డాక్టరమ్మకే తెలీదు. తెలీకే కదా సూస్తన్నారు!”

అప్పుడు ఆమెకి కోపం వచ్చింది. “నీ నోట్లో నిప్పు సంగతి సెప్పినావేటి డాక్టరమ్మకి? కుళాయి ఎనకాల సూసినాన్లే. అంగిలి పెనంనాగ మాడిపోయుంటాది నీకు. నీకు నీ నిప్పు, నాకు నా పొట్లం. నోరు మూసుకుని తొంగో.”

దీని గురించి చెప్పాలి. మా ఒడ్డున ఆడవాళ్లం అడ్డపొగ తాగుతాం. చుట్ట వెలిగించి, వెలిగిన కొసని నోట్లోపల పెట్టుకుంటాం. గాలికి ఆరదు, బూడిద చేపల మీద రాలదు, రెండు చేతులూ పనికి ఉంటాయి. నోరు మూసుకుంటే పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియదు. ఇది మా అమ్మ నేర్పలేదు, ఎవరూ నేర్పలేదు, చూసి పట్టుకున్నాను. పెళ్లయ్యాక ఆయనే వెలిగించి ఒక దమ్ము తాను పీల్చి నాకు ఇచ్చేవాడు. ఆయన పోయాక చుట్ట వెలిగించినప్పుడల్లా మొదటి దమ్ము గాలికి వదిలేసేదాన్ని, ఆయన వాటా అని. ఆసుపత్రిలో మగవాళ్లని పొగ తాగుతావా అని అడుగుతారు. నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ సాయంత్రం దాకా అది మందులకి సంబంధించిన విషయమని నాకు తట్టలేదు.

అప్ప అన్నప్పుడు తట్టింది. ఆయన టీ కొట్టు మాత్రల్ని ఎలా చూశాడో, నేను చుట్టనీ అలాగే చూస్తున్నాను.

మంచం మీద ఎంతోసేపు కూర్చోలేదు. చెబితే నా మంచం పోతుందని తెలుసు. ఆ మంచం మీద నాకెంత ఆశ ఉందో తమ్ముడికి కూడా పూర్తిగా తెలియదు. కానీ నేను దాచుకుని, ఆమెని దాచొద్దని ఏ మొహంతో అంటాను? మూటలోంచి చుట్టలు తీసి కొంగున కట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్లాను.

“అమ్మా, నాను అడ్డపొగ తాగుతాను,” అని చుట్టలు బల్ల మీద పెట్టాను.

ఆమె చుట్టల వైపు చూసింది, నా వైపు చూసింది. “మా అమ్మమ్మ తాగేది,” అంది. తరువాత సంగతి చెప్పింది. పొగాకు అలవాటున్న ఒంట్లో కొన్ని మందులు తొందరగా అరిగిపోతాయి. రక్తంలో మందు తగ్గితే అది పక్క మాత్ర వల్లనా, పొగ వల్లనా తేల్చుకోలేరు. అందుకని ఈ పరీక్షకి పొగ తాగేవాళ్లని తీసుకోరు.

“ఇదిగో, మానీసినాను. ఇక్కడే ఒగ్గేస్తన్నాను.”

“ఇప్పుడు మానేస్తే తెల్లారేసరికి ఒళ్లు మారదమ్మా. వారాలు పడుతుంది.”

“అయితే ఆ వారాలు కానిచ్చి వస్తాను. నా మంచం ఉంచండి.”

“ఉంచలేను. ఈసారికి కుదరదు. తరువాత ఇంకో జట్టుని తీసుకుంటాం. అప్పటికి నిజంగా మానేసి ఉంటే రండి.”

“వస్తాను,” అన్నాను. ఏడుపు వచ్చింది గానీ అక్కడ ఏడవలేదు.

వార్డుకి వచ్చి మూట కట్టుకోవడం మొదలుపెట్టాను. అప్ప లేచి కూర్చుంది.

“ఏటి, సెప్పీసినావా?”

“సెప్పీసినాను. పంపీస్తన్నారు.”

“ఓలమ్మ! పిచ్చిదానివేటే?”

“ఇప్పుడు నీ వంతు అప్పా. డాక్టరమ్మ ఈ గుమ్మంలోకి వచ్చీలోగా నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంతావా?”

ఊరికే బెదిరించలేదు. చెప్పేసేదాన్నే. ఆమె నన్ను జన్మలో క్షమించకపోయినా చెప్పేసేదాన్ని. ఆమె అది నా మొహంలో చూసింది. నన్నూ, నా చేపల తట్టనీ, నన్ను ఆ మంచం పక్కకి తెచ్చిన దేవుణ్నీ వరసపెట్టి తిట్టింది. నేను మూట ముడి వేస్తూ విన్నాను. డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చింది. అప్ప తిట్టు సగంలో ఆపి, రొంటిన సంచి లాగి ఆమె చేతిలో పడేసింది.

“ఇది మందని నాకు తెల్దమ్మా. ఇదుగో ఈ సేపలది మందంతన్నాది,” అంది.

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని కవరు విప్పింది. ఎన్నాళ్లుగా, రోజుకి ఎన్ని, అన్నీ అడిగింది. మెల్లగానే అడిగింది. అప్పుడే రక్తం తీయించింది, కిడ్నీలు చూడాలని. పొద్దున్న మాత్ర ఆమెకి ఇవ్వలేదు. ఇంటికీ పంపలేదు. పాదాల వాపు దిగేదాకా వార్డులోనే ఉంచి, మోకాళ్లకి గుండెకి కీడు చేయని మాత్ర వేరేది ఇచ్చారు, కాపడం పెట్టించారు. నేను మూట పట్టుకుని గుమ్మం దాటుతుంటే అప్ప వెనకనుంచి కేకేసింది, “సూసినావా సెల్లీ, దాసినదానికి మంచం ఉన్నాది, సెప్పినదానికి నేదు!” ఆమె నవ్వుతూనే అంది. కళ్లు తుడుచుకుంటూ అంది.

డాక్టరమ్మ ఆ ఖాళీ కవరు పట్టుకుని అవతలి మంచానికి వెళ్లింది. ఈసారి మందులని అడగలేదు. ఇలాంటిది అని చూపించి అడిగింది. ఆ మంచం మీద మనిషి చెయ్యి తన రొంటి మీదికి వెళ్లింది. గుమ్మంలోంచి నేను చూశాను.

ఇక చుట్ట మానడం. దాని గురించి ఎక్కువ చెప్పను. మొదట్లో నోరంతా పరాయిదై పోయింది. అన్నం రుచి లేదు, మాట రుచి లేదు. ఊరికే ఊరికే కోపం వచ్చేది, కాకుల మీద కూడా. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని తిరిగేదాన్ని. ఒడ్డున ఆడవాళ్లు, “ఏటే, పొయ్యి ఆరిపోనాదా?” అని ఎగతాళి చేశారు. “ఆరిపోనాది. నీది కూడా ఆర్పీమంతావా?” అన్నాను. అన్నిటికన్నా కష్టం ఆయన వాటా దమ్ము. అది వదలడానికి చుట్టే లేదు కదా. ఆ వేళకి వెళ్లి ఒడ్డున కూర్చుని వచ్చేదాన్ని.

అలా కూర్చున్న ఒకనాడు టీ కొట్టుకి వెళ్లాను. “గుండె మాత్రలు ఏసుకున్నోలకి ఆ సెట్టు అమ్మకు,” అన్నాను.

“ఎవులికి గుండె జబ్బున్నాదో నాకేటి తెలుస్తాదప్పా?” అన్నాడు.

“అడుగు.”

“టీ కొట్టోడు అడుగుతాడేటి?”

“సెట్టు అమ్మీవోడు అడుగుతాడు. అడిగీదాకా ఈ బల్ల మీద కూసుంతాను, వొచ్చినోలందరికీ మా మావ సంగతి సెప్తాను.”

కూర్చున్నాను. మర్నాడూ కూర్చున్నాను. నా గొంతు సంగతి అతనికి తెలుసు, ఊరంతటికీ వినిపిస్తుంది. కవర్లు తీసి లోపల పెట్టాడు. అమ్మడం మానేశాడని అబద్ధం చెప్పను. కానీ ఎవరైనా అడిగితే, “గుండెకి గానీ, బీపీకి గానీ ఏసుకుంతన్నావా? ఆ అప్ప సంపేస్తాది నన్ను,” అని అడిగి ఇస్తున్నాడు. ఒకరిద్దరు నా దగ్గరికి వచ్చి తిట్టారు. తిట్టించుకున్నాను.

ఇంకో జట్టుని పిలిచినప్పుడు వెళ్లాను. డాక్టరమ్మ చేతిలో టార్చి పట్టుకుని నోరు తెరవమంది. అంగిలంతా చూసింది. రక్తంలో కూడా పొగాకు జాడ చూశారు. లేదు. మంచం ఇచ్చారు.

పొద్దున్నే పరగడుపున చేతికి చిన్న గొట్టం పెట్టి, కొలిచిన నీళ్లతో మాత్ర ఇచ్చారు. మింగాక నర్సు టార్చి వేసి నాలుక ఎత్తి చూసింది, దాచుకున్నానేమో అని. చూసుకో తల్లీ అని ఇంకా పెద్దగా తెరిచాను. ఆ తరువాత గంటగంటకీ వచ్చి రక్తం తీసేవారు. లేచి తిరగనిచ్చారు, సమయానికి తిండి పెట్టారు, చప్పిడిదే. కొన్నాళ్లు ఆగి రెండోసారి పిలిచి రెండు మాత్రలూ కలిపి ఇచ్చారు. నాకు ఆ రోజు కోసమే కదా ఇంత. రెండూ అరచేతిలో పెట్టుకుని చూశాను. మింగాను. పడుకుని, లోపల ఇప్పుడు ఏం మాట్లాడుకుంటున్నాయో అనుకున్నాను. భయం వేయలేదు. ఒకసారి కొంచెం కళ్లు తిరిగినట్టైంది. అది చెప్పాను. కూర్చోబెట్టి బీపీ చూశారు, రాసుకున్నారు. చెప్పడానికే వచ్చాను కదా.

రక్తం తీసినప్పుడల్లా నర్సు ఒళ్లు ఎలా ఉందని అడిగేది. ఆఖరున కూడా అడిగింది, “ఎలా ఉందమ్మా, తేలిగ్గా ఉందా, బరువుగా ఉందా?”

ఒళ్లు సరిచూసుకుని చెప్పాను. “తేలిగ్గా నేదు తల్లీ. బరువుగా నేదు. నా ఒళ్లు నాకు తెలుస్తన్నాది. అలగే రాసుకో.”

ఆ పరీక్షలో ఏం తేలిందో నాకు పూర్తిగా తెలియదు. అందరివీ కలిపి చూడాలట, నా ఒక్కదానివల్ల తేలదట. డాక్టరమ్మ ఒకసారి, మీరు చెప్పిన కళ్లు తిరగడం ఇంకొందరూ చెప్పారు, అది పనికొచ్చింది అంది. నాకది చాలు. అప్ప సంతకి వచ్చినవాళ్లతో కబుర్లు పంపుతుంటుంది. మోకాళ్లు నొప్పేనట, నన్ను తిట్టుకుంటూనే లేస్తోందట. లేస్తోంది కదా.

ఇంతే. ఇంక చెప్పడానికేమీ లేదు. నా మేనకోడలు కలం మూత పెట్టబోతోంది.

“ఆగు గుంటా, అప్పుడే మూసీకు. ఏటేటి రాసినావో నాకు సదివి ఇనిపించు. పుస్తకంలో మాటలు నాకు అడ్డం రానీ, పర్వానేదు. మొదట్నుంచీ సదువు. మీ మావ మాట దగ్గర మాత్రం బేగి బేగి ఎల్లిపోకు.”